రొమ్ము ఇంప్లాంట్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఆరు వారాలు: సమగ్ర మార్గదర్శి

రొమ్ముల్లో ఇంప్లాంట్ (సిలికాన్ సంచి) పెట్టే ఆపరేషన్ మామూలుగా గంట, రెండు గంటల్లో అయిపోతుంది. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వచ్చేస్తారు. అసలు పని అక్కణ్ణుంచి మొదలవుతుంది, అదీ రొమ్ముల దగ్గర కంటే చేతుల దగ్గరే ఎక్కువ. చాలామందికి ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం కింద, పూర్తిగానో పై సగమో దాని కిందికి వచ్చేలా అమరుస్తారు. తలుపు తోసినా, కుక్కర్ ఎత్తినా, కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచినా పనిచేసేది ఆ కండరమే. అది గట్టిగా బిగిసినప్పుడల్లా లోపల ఇంకా కుదురుకోని ఇంప్లాంట్ పక్కకో పైకో జరగవచ్చు, మూసుకున్న చిన్న రక్తనాళం మళ్లీ తెరుచుకోవచ్చు. కాబట్టి ఏ పనికి దిగినా ముందు చూసుకోవాల్సింది ఒకటే: తోయకుండా, లాగకుండా, ఎత్తకుండా ఇది అవుతుందా?

ఇంప్లాంట్ కండరం కింద పెట్టారా పైన పెట్టారా, కోత ఎక్కడ పడింది, ఇంప్లాంట్ నునుపుదా గరుకుదా అన్నవి డిశ్చార్జి కాగితంలో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి. ఇక్కడ చెప్పే వారాల లెక్క కండరం కింద పెట్టినవాళ్లది. పైన పెట్టినవాళ్లకు నొప్పి తక్కువ, రెండు మూడు రోజులు ముందే పనిలోకి వెళ్లగలుగుతారు. బరువుల విషయంలో మాత్రం ఇద్దరికీ ఒకటే నియమం. ఎక్కడైనా ఈ లెక్కకూ మీ సర్జన్ మాటకూ తేడా వస్తే సర్జన్ మాటే వినండి.

## వెళ్లే ముందే ఇల్లు సర్దుకోండి

మొదటి రెండు వారాలు 2 కిలోలకు మించి ఎత్తకూడదు. కాగితం మీద ఇది తేలిగ్గానే ఉంటుంది. ఇంట్లో చూస్తే 20 లీటర్ల వాటర్ క్యాన్ 20 కిలోలు. సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 దాకా వస్తుంది. సగం నిండిన 5 లీటర్ల కుక్కర్ 4, 5 కిలోలు తూగుతుంది. తడి బట్టల బకెట్, గ్రైండర్ రాయి, చంకనెక్కే పిల్లాడు, ఏదీ ఎత్తడానికి లేదు. సిలిండర్ ముందే మార్పించుకోండి. పై అరల్లో, అటక మీద ఉన్న బియ్యం, పప్పు డబ్బాలు నడుము ఎత్తుకు దింపించండి. పచ్చడి సీసాల మూతలు కూడా వదులు చేయించి పెట్టుకోండి. మూత తిప్పడం కూడా ఒక పనేనా అనిపిస్తుంది గానీ, మొదటి వారంలో తిప్పి చూస్తే ఛాతీ అంతా పట్టేస్తుంది.

తల మీంచి వేసుకునే బట్టలేవీ పనికిరావు. ముందు జిప్పో బొత్తాలో ఉన్న నైటీలు నాలుగు, బయటికి వెళ్లడానికి ముందు బొత్తాలున్న మంగళగిరి కాటన్ చొక్కాలు రెండు చాలు. చీర కట్టేవాళ్లు ముందు హుక్కుల వదులు జాకెట్లే వేసుకోవాలి. వెనక హుక్కులు పెట్టుకోవడానికి చేతులు వెనక్కి తిప్పడం నెల దాకా కుదరదు. కొత్త కొలతలతో జాకెట్లు మాత్రం ఇప్పుడే కుట్టించకండి. మూడు నెలల దాకా కొలత నిలవదు, కుట్టుకూలి దండగ.

మొదటి మూడు రోజులు రాత్రీ పగలూ పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి జరిగింది ఏ ఆపరేషనో నిజం తెలిసి ఉండాలి. చుట్టుపక్కలవాళ్లకు, బంధువులకు ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం, ఛాతీలో చిన్న గడ్డ తీయించుకున్నానని చెప్పుకున్నా ఎవరికీ నష్టం లేదు. అర్ధరాత్రి వాపు వస్తే ఫోన్ చేయాల్సిన మనిషికి మాత్రం ఆ మాట చెప్పకూడదు.

తారీఖు మీ చేతిలో ఉంటే ఏప్రిల్, మే నెలలు వదిలేయండి. రోజంతా బిగుతు బ్రా వేసుకుని బెజవాడ ఎండల్ని, ఉక్కపోతని భరించడం కష్టం. రొమ్ము కింది మడతలో చెమట నిలిచి, ఒరుసుకుపోయి, సరిగ్గా కోత ఉన్నచోటే పాచిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. డిసెంబరులో చేయించుకుంటే సంక్రాంతి ముగ్గులు ఆ ఏడాదికి ఇంకొకరు పెడతారు, అంతే.

ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించుకునేవాళ్లు మర్నాడే విజయవాడ కారెక్కకండి. 270 కిలోమీటర్ల పైచిలుకు దారి. లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువ, ఆ సమయంలో సూర్యాపేట దాటి మధ్యదారిలో ఉండటం మంచిది కాదు. మొదటి డ్రెస్సింగ్ చూపించుకునేదాకా అక్కడే ఉండి, వచ్చేటప్పుడు గంటకోసారి బండి ఆపించి ఐదు నిమిషాలు నడవండి.

## మొదటి మూడు రోజులు

ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, బిగుతు ఉంటాయి. గొంతులో గొట్టం వేసినందుకు ఒకటి రెండు రోజులు గొంతు మంట ఉంటుంది. వికారం ఉండొచ్చు. రొమ్ములు గట్టిగా, మెరుస్తూ, మెడ దగ్గరికి ఎక్కినట్టు ఎత్తుగా కనిపిస్తాయి. ఇవన్నీ మామూలే.

పడుకోవడం వెల్లకిలానే, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు ఉండేలా. తల కింద రెండు దిండ్లు పెడితే మెడ వంగుతుందే తప్ప వీపు లేవదు. నడుము దగ్గర్నుంచి మొదలుపెట్టి మెట్లుగా మూడు దిండ్లు పేర్చి, మోకాళ్ల కింద ఇంకోటి పెట్టండి. మోకాళ్ల కింది దిండు లేకపోతే తెల్లారేసరికి మంచం కిందివైపుకు జారిపోయి ఉంటారు, మళ్లీ పైకి జరగడానికి చేతులే వాడతారు. చాప మీద, నేల పరుపు మీద పడుకోవడం ఈ నెలకు మానేయండి.

మంచం మీంచి లేచే పద్ధతి ఆపరేషన్‌కు ముందే రెండు రోజులు అలవాటు చేసుకోవాలి:

1. మోకాళ్లు రెండూ మడిచి, పాదాలు పరుపు మీద ఆనించండి.
2. చేతులు రెండూ పొట్ట మీద కట్టుకుని, భుజాలూ తుంటీ కలిపి ఒకేసారి పక్కకు దొర్లండి.
3. కాళ్లు మంచం దిగువకు వదలండి. ఆ బరువుకు ఒళ్లు దానంతటదే పైకి లేస్తుంది. తోడున్నవాళ్లు భుజం వెనక చెయ్యి వేసి లేపాలి, చేతులు పట్టుకుని లాగకూడదు.
4. ఒక నిమిషం కూర్చుని, కళ్లు తిరగడం లేదని చూసుకుని, తొడల బలంతో లేవండి.

నేల మీది మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవడానికి కుళాయో గోడో పట్టుకుని లాగక తప్పదు. రెండు వారాలు కమోడ్ ఉన్న గదే వాడండి. లేనివాళ్లకు మెడికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది.

ఆపరేషన్ అయిన సాయంత్రం నుంచే రెండు మూడు గంటలకోసారి ఇంట్లో నాలుగడుగులు వేయాలి. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. చేతులు కూడా కట్టేసుకుని కూర్చోకండి, భుజాలు పట్టేస్తాయి. మోచేతులు నడుముకు ఆనించి అన్నం కలుపుకోవచ్చు, పళ్లు తోముకోవచ్చు, ఫోన్ చూసుకోవచ్చు. మోచెయ్యి భుజం ఎత్తు దాటకూడదు, అంతే. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు చిన్న దిండును ఛాతీకి మెల్లగా అదిమి పట్టుకోండి.

## మాత్రల దగ్గర జరిగే పొరపాట్లు

నొప్పికి సాధారణంగా పారాసిటమాల్, దానికి తోడు నాలుగైదు రోజులు ట్రమడాల్ లాంటిది రాస్తారు. పారాసిటమాల్ 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువున్నవాళ్లకు, కాలేయం బాగోలేనివాళ్లకు ఇంకా తక్కువే. చిక్కల్లా అది చాలా మాత్రల్లో దాక్కుని ఉండటం. డోలో 650 వేసుకుంటూనే జలుబు మాత్ర వేసుకుంటే రెండుసార్లు పడినట్టు. ట్రమడాల్ మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసే ఉంటుంది. అట్ట తిప్పి చదవండి.

మెడికల్ షాపుకి వెళ్లి "నొప్పి బిళ్ల ఇవ్వండి" అంటే చేతికొచ్చేది ఐబూప్రోఫెన్ కలిసిన కాంబిఫ్లామో, ఎసిక్లోఫెనాక్ కలిసిన జెరోడాల్-పీనో కావచ్చు. ఈ రకం మందులూ, ఆస్పిరినూ రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి, కాబట్టి సర్జన్ స్వయంగా రాస్తే తప్ప తొలి రోజుల్లో వద్దు. చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్ కూడా ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచే ఆపమంటారు. కూరలో వెల్లుల్లికి భయపడక్కర్లేదు.

ట్రమడాల్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం. ముక్కితే ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. మొదటి రాత్రి నుంచే ఒకటి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో తాగండి. నీళ్లు తగ్గితే అదే లోపల గట్టిపడి అసలుకే మోసం. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వేసుకోవాలి.

సిగరెట్, బీడీ, హుక్కా, నికోటిన్ బబుల్‌గమ్ ఏదైనా ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా బంద్. నికోటిన్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను మూసేస్తుంది, కుట్లు విడిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటివల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది.

## పథ్యం సంగతి

మన ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "పప్పు తింటే చీము పడుతుందే అమ్మాయ్" అని అమ్మ అంటుంది, వంకాయ, గోంగూర, గుడ్డు వద్దని అత్తగారు అంటారు. చివరికి పది రోజులు చారన్నం, బ్రెడ్డు మీద గడుస్తుంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. చారన్నం మీద ఉన్న ఒంటికి కుట్లు అతకడానికి కావాల్సిన మాంసకృత్తులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ లెక్కేసుకోండి. 55 కిలోల మనిషికి 66 నుంచి 82 గ్రాములు. గుడ్డులో 6, వండిన 100 గ్రాముల కోడిమాంసంలో సుమారు 25, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18, కప్పు గట్టి పప్పులో 8, 9, కప్పు పెరుగులో 7 దాకా ఉంటాయి. అంటే శాకాహారులు మూడు పూటలా పప్పూ పెరుగూ రెండూ తిని, ఒక పూట పనీర్ కూడా కలుపుకుంటే తప్ప ఆ లెక్క అందదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, డాక్టర్‌నే అడగాలి. షుగర్ ఉంటే దాన్ని అదుపులో పెట్టడమే అన్నిటికంటే పెద్ద పథ్యం.

గుంటూరు కారం కుట్లను ఏమీ చేయదు, మాత్రలతో మండిపోతున్న కడుపును చేస్తుంది. వారం పాటు కారం తగ్గించండి. ఊరగాయలు, అప్పడాల్లో ఉప్పు ఎక్కువ, వాపు ఉన్నన్నాళ్లూ వాటినీ తగ్గించుకోవచ్చు. నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు కలిపి రెండున్నర లీటర్లు తాగాలి.

పసుపు తినండి, పుండు మీద పెట్టకండి. కొబ్బరి నూనె, పౌడరు, నాటు లేపనాలు కూడా కోత దగ్గరికి రాకూడదు. ఉప్పు కాపడం అసలే వద్దు. రొమ్ము చర్మం కొన్ని వారాలు మొద్దుబారి ఉంటుంది, వేడి తెలియక చర్మం కాలిన తర్వాత గానీ గమనించరు. ఐస్ విషయంలోనూ అంతే. సర్జన్ పెట్టమంటేనే, గుడ్డలో చుట్టి, 15 నిమిషాలు దాటకుండా పెట్టాలి.

## స్నానం, బ్రా

సాధారణంగా 48 గంటల తర్వాత ఒళ్లు కడుక్కోనిస్తారు. చెంబుతో నీళ్లు పోసుకునే అలవాటున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది చెంబు బరువు కాదు, ఎత్తు. లీటరు చెంబును భుజం మీంచి ఒంపితే మోచెయ్యి భుజం దాటిపోతుంది. స్టూలు మీద కూర్చుని నడుము దిగువకు మీరే పోసుకోండి, పైభాగం తడిగుడ్డతో తుడిపించుకోండి. హ్యాండ్ షవర్ ఉంటే సన్నటి ధార వీపు వైపు నుంచి రానివ్వండి. కోత మీది అంటుపట్టీ తడిస్తే పీకకండి, శుభ్రమైన తువ్వాలుతో అద్ది, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. రెండు మూడు వారాలకు దానంతటదే ఊడుతుంది. తలంటు ఆపరేషన్‌కు ముందు రోజే పోసుకోండి, తర్వాత రెండు మూడు వారాలు ఇంకొకరు తల వెనక్కి వాల్చి కడగాలి. నదీస్నానం, ఈతకొలను ఆరు వారాలయ్యాకే, అప్పటికి పుండు పూర్తిగా మూసుకుని ఉంటేనే. కార్తీక మాసంలో కృష్ణ ఒడ్డుకు వెళ్లినా నీళ్లు నెత్తిన చల్లుకుని సరిపెట్టుకోండి.

ముందు తెరుచుకునే, తీగ లేని సర్జికల్ బ్రా రాత్రీ పగలూ నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. కొందరు సర్జన్లు పైన అదనంగా పట్టీ కట్టిస్తారు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే బిగువు, నాలుగు దూరితే ఆసరా లేనట్టే. రెండు బ్రాలు కొనుక్కుని రోజుకొకటి ఉతికి ఎండలో ఆరేయించండి. ఎండాకాలమైతే మడతలో మెత్తటి పొడి కాటన్ గుడ్డ పెట్టుకుని చెమట పట్టినప్పుడల్లా మార్చుకోండి. విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో తీగ బ్రాల కోసం తిరగడం మూడు నెలలు ఆగొచ్చు.

## వెంటనే చూపించాల్సిన లక్షణాలు

ఒక నియమం బాగా పనికొస్తుంది: రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉన్న బాధ రేపటి దాకా ఆగగలదు, ఉన్నట్టుండి ఒకవైపే పెరిగినది ఆగదు. కొద్దిపాటి తేడా ఎవరికైనా ఉంటుంది. కుడిచేతి వాటమున్నవాళ్లకు కుడివైపు వాపు కాస్త ఎక్కువ రోజులు ఉండొచ్చు. చూడాల్సింది తేడాను కాదు, అది పెరగడాన్ని. అందుకు రోజూ ఉదయం ఒకే కిటికీ ముందు, ఒకే దూరం నుంచి ఒక ఫొటో తీసి ఫోన్‌లో లాక్ చేసి ఉంచుకోండి. నిన్నటిది ఎలా ఉందో జ్ఞాపకం మీద చెబితే ఏ సర్జనూ ఏమీ తేల్చలేరు.

మొదటి మూడు రోజుల్లో గంటల వ్యవధిలో ఒక రొమ్ము ఉబ్బి, రాయిలా గట్టిపడి, కమిలి, మాత్రకు లొంగని నొప్పి వస్తే లోపల రక్తం చేరుతున్నట్టు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి, తరచు మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి ఆ రక్తం తీయాల్సి వస్తుంది.

ఇన్ఫెక్షన్ ఎక్కువగా తొలి వారాల్లో బయటపడుతుంది. ఎరుపు పాకడం, వేడి, చీము, దుర్వాసన, 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం దాని గుర్తులు. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది కాబట్టి మాత్ర వేసుకునే ముందే థర్మామీటర్ పెట్టండి, వేసుకున్న గంటకు కాదు.

ఒక పిక్కలో నొప్పి, వాపు వస్తే అదే రోజు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం వస్తే 108కి ఫోన్ చేయాలి. మీ సర్జన్ అందుబాటులో లేకపోతే ఉదయం దాకా ఆగకండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల క్యాజువాలిటీ, మంగళగిరి ఎయిమ్స్ ఎమర్జెన్సీ ఉన్నాయి. డిశ్చార్జి కాగితం చేతిలో పట్టుకెళ్లండి.

వీధి చివర ఆర్ఎంపీ దగ్గర "నీరు తీయించుకోవడం" మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. అంచనాగా గుచ్చిన సూది ఇంప్లాంట్‌ను చీల్చవచ్చు. తీయాల్సి వస్తే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీయాలి.

భయపెట్టినా హాని లేనివి కొన్ని ఉన్నాయి. కదిలినప్పుడు లోపల గుడగుడ చప్పుడు కొద్ది రోజుల్లో పోతుంది. చనుమొనల్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, మొద్దుబారడం, బట్ట తగిలినా ఓర్చుకోలేకపోవడం నరాలు మళ్లీ మేలుకుంటున్నప్పుడు వస్తాయి, నెలలు పడుతుంది, కొందరికి స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా. తెల్లవారి లేచేసరికి బిగుసుకుని ఉండి, స్నానం అయ్యేసరికి సడలుతుంది. రొమ్ము కింద తాడులా ఒక సిర గట్టిగా తగలవచ్చు, అది కొన్ని వారాల్లో కరిగిపోతుంది, అయినా ఒకసారి చూపించండి.

## రెండో వారం నుంచి ఆరో వారం దాకా

కూర్చుని చేసే ఉద్యోగమైతే 7 నుంచి 10 రోజుల్లో వెళ్లొచ్చు. బోర్డు మీద రాసే టీచర్లు, కుట్టుమిషన్, బ్యూటీ పార్లర్ పని చేసేవాళ్లు మూడు వారాలు ఆగాలి. విజయవాడ, గుంటూరుల మధ్య రోజూ తిరిగేవాళ్లకు ఆఫీసు కంటే ప్రయాణమే ముప్పు. బస్సులో సీటు దొరక్కపోతే పైకమ్మీ పట్టుకోవాలి, బ్రేకు పడితే ఒంటి బరువంతా ఆ చేతి మీదే. సీటు ఖాయం కాకపోతే ఎక్కకండి.

కారు నడపడం ట్రమడాల్ మానేసి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా నొప్పి రాని స్థితికి వచ్చాకే, అంటే దాదాపు రెండు వారాలకు. సీటుబెల్టు కింద చిన్న తువ్వాలు మడిచి పెట్టుకోండి, బెల్టు మాత్రం మానకండి. స్కూటీకి మూడు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నడపడం ఒక్కటే కాదు, స్టాండు వేయడం, గుంతల్లో హ్యాండిల్ బిగించి పట్టుకోవడం కూడా ఛాతీ కండరం పనే. కనకదుర్గమ్మ దర్శనానికి మూడో వారంలో మెట్లెక్కగలరేమో గానీ దసరా క్యూలో మోచేతి పోట్లు తప్పించుకోలేరు.

చంటిపిల్లలున్నవాళ్లకు ఇదే కష్టమైన కాలం. నొప్పి తగ్గిపోతుంది, చేతులు చాస్తూ వచ్చిన బిడ్డను ఎత్తుకోబోతారు. మీరు సోఫాలో కూర్చుని ఒళ్లో దిండు పెట్టుకోండి, బిడ్డ తనంతట ఎక్కి పక్కకు రావాలి. నాలుగు వారాల దాకా ఎత్తుకోవడం లేదు, ఆ తర్వాత కూడా సర్జన్ సరేనన్నాకే.

మూడు, నాలుగు వారాలకు చేతులు తల పైకి మెల్లగా ఎత్తడం మొదలుపెట్టవచ్చు. పక్కకు తిరిగి పడుకోవడం నాలుగో వారం నుంచి, బోర్లా పడుకోవడం రెండు మూడు నెలల తర్వాత. వేగంగా నడవడం రెండో వారం నుంచి, పరుగు ఆరు వారాలకు, పుషప్‌లు, ఛాతీ బరువులు ఎనిమిది వారాలకు. పిండి పిసకడం, బట్టలు పిండటం, తడిగుడ్డతో ఇల్లు తుడవడం కూడా బరువైన పనులే, ఆరు వారాల కిందే రాసుకోండి.

మసాజ్ గురించి పక్కింటివాళ్ల సలహా వద్దు. నునుపైన గుండ్రటి ఇంప్లాంట్లకు కొందరు సర్జన్లు నేర్పి చేయిస్తారు. గరుకువాటికి, నీటిబొట్టు ఆకారంలో ఉన్నవాటికి చేయకూడదు, లోపల తిరిగిపోతాయి.

నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య కోత దగ్గర మొటిమలాంటి పొక్కు, అందులో చిన్న దారపు మొన కనిపించవచ్చు. కరగాల్సిన కుట్టు బయటికి వస్తోందన్నమాట. లాగకండి, సర్జన్ కత్తిరిస్తారు.

## మచ్చ, ఆకారం, ఆ తర్వాత

పుండు పూర్తిగా మూసుకున్నాక, మూడో వారం ప్రాంతంలో, సిలికాన్ జెల్ గానీ పట్టీ గానీ మొదలుపెట్టి రోజుకు 12 గంటలకు తగ్గకుండా రెండు మూడు నెలలు వాడాలి. మచ్చ మొదట ఎర్రగా, గట్టిగా అయి, ఏడాది, ఏడాదిన్నరకు పలచబడుతుంది. మన చర్మాల్లో కీలాయిడ్ (మచ్చ గడ్డలా పెరగడం) వచ్చే గుణం ఎక్కువ. చెవులు కుట్టించుకున్నచోట గడ్డ కట్టిన చరిత్ర ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పండి, మచ్చ ఉబ్బి దురద మొదలైన నెలలోనే చూపించండి.

రెండో వారంలో అద్దం ముందు ఏడుపొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. రొమ్ములు పైకెక్కి, చతురస్రంగా, ఒకటి ముందు ఒకటి వెనక దిగుతున్నట్టు ఉంటాయి. కండరం సడలి ఇంప్లాంట్ కిందికి కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా సైజు మీద ఏ తీర్పూ చెప్పుకోకండి.

ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు ఉన్న కార్డు ఫొటో తీసి, అసలుది ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ తన బయోసెల్ గరుకు ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నప్పుడు, తమ ఒంట్లో ఉన్నది అదేనో కాదో తేల్చడానికి పనికొచ్చింది ఇలాంటి కార్డే. ఆ రకంతో ముడిపడిన లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ తరచు ఏళ్ల తర్వాత ఒకవైపు వాపుగా మొదలవుతుంది. కాబట్టి ఎప్పుడో మానిపోయిన రొమ్ము ఏడాది తర్వాత ఉబ్బితే దెబ్బ తగిలిందేమో అని సరిపెట్టుకోకుండా అల్ట్రాసౌండ్ చేయించండి.

సిలికాన్ ఇంప్లాంట్ చిరిగినా బయటికి తెలియకపోవచ్చు. లక్షణాలు లేకపోయినా 5, 6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచిస్తుంది. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు సాధారణంగా ఆరోగ్య బీమా ఇవ్వదు. మామోగ్రామ్‌కి (రొమ్ము ఎక్స్‌రేకి) వెళ్తే టెక్నీషియన్ మెషిన్ దగ్గర నిలబెట్టకముందే ఇంప్లాంట్ ఉందని చెప్పాలి. ఇంప్లాంట్‌ను వెనక్కి జరిపి అదనపు ఫిల్ములు తీస్తారు.